వీధిని వదలడం ఒక్కరోజు పని కాదు

"అంత కష్టంగా ఉంటే ఆ బతుకు వదిలేసి రావచ్చుగా?" వీధుల్లో ఒళ్ళమ్ముకుని బతికే ఆడవాళ్ళ గురించి మాటొచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఇలా అడుగుతూనే ఉంటారు. నేనుండే నాష్‌విల్‌లో పాతికేళ్ళకి పైగా తన పనితోనే దీనికి జవాబు చెబుతున్న సంస్థ ఒకటుంది. పేరు థిసిల్ ఫార్మ్స్.

బెకా స్టీవెన్స్ అనే చర్చి గురువు 1997లో అయిదుగురు ఆడవాళ్ళతో ఒక ఇల్లు తెరిచారు. చిన్నతనంలో తనమీదా లైంగిక అత్యాచారం జరిగిందని ఆవిడే బయటికి చెప్పారు. ఆ ఇంట్లో రెండేళ్ళు ఉండొచ్చు. అద్దె లేదు, కాపలాగా మకాం వేసే వార్డెనూ లేదు. వైద్యం, మత్తు మానడానికి సాయం, కౌన్సెలింగ్ ఉంటాయి.

రెండేళ్ళెందుకు అంటారా? వీధి వదిలిన మొదటి రాత్రి ఎలా ఉంటుందో ఆలోచించండి. తెలిసినవాళ్ళందరూ ఆ వీధివాళ్ళే. బాధ తెలియకుండా అలవాటు చేసుకున్న మత్తు దిగగానే, అది ఇన్నాళ్ళూ కప్పిపెట్టిన జ్ఞాపకాలన్నీ ఒక్కసారిగా పైకి లేస్తాయి. నిద్ర పట్టదు. తలుపు చప్పుడైతే ఉలికిపాటు. అర్ధరాత్రి ఫోన్ చేస్తే ఎత్తేది పాత మనుషులే. మళ్ళీ వెనక్కి వెళ్ళేవాళ్ళు బుద్ధిలేక వెళ్ళరమ్మా, ఇంకెక్కడికి వెళ్ళాలో తెలియక వెళతారు.

తర్వాత పని కావాలి. పోలీసు కేసులున్నవాళ్ళకి ఎవరిస్తారు? అందుకే 2001 నుంచి సంస్థే వాళ్ళచేత కొవ్వొత్తులూ, ఒంటికి రాసుకునే లేపనాలూ చేయిస్తోంది. మన హైదరాబాదులో 1996లో మొదలైన ప్రజ్వలదీ ఇదే దారి. సునీతా కృష్ణన్ గారి ఆ సంస్థలో ఆడవాళ్ళు వెల్డింగూ, వడ్రంగమూ నేర్చుకున్నారు.

ఇక మన సంగతి. అమెరికాలో మనవాళ్ళు చాలామందికి అద్దెకిచ్చే ఇల్లో, చిన్న వ్యాపారమో ఉంది. దరఖాస్తు రాగానే బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేయిస్తాం. ఫెడరల్ చట్టం ప్రకారం శిక్ష దాకా వెళ్ళని అరెస్టులు ఏడేళ్ళు దాటితే సాధారణంగా ఆ రిపోర్టులో రావు. శిక్ష పడిన కేసుకి మాత్రం ఆ గడువు లేదు, ఇరవై ఏళ్ళనాటిదైనా రావచ్చు. మోసపోయో, బలవంతం మీదో ఈ రొంపిలో పడినవాళ్ళ శిక్షల్ని కోర్టు రద్దుచేసే వీలు మొట్టమొదట న్యూయార్క్ రాష్ట్రం 2010లో కల్పించింది. తర్వాత చాలా రాష్ట్రాలు ఆ బాట పట్టాయి. కానీ అందుకు కోర్టుకెక్కాలి. మరిచిపోదామనుకున్న కథంతా మళ్ళీ చెప్పుకోవాలి. అందరివల్లా అయ్యే పని కాదది.

అలాంటి కాగితం మీ చేతికొస్తే, కేసు పేరు చూసి పక్కన పడేయకండి. తేదీ కూడా చూడండి. అప్పటినుంచి ఇప్పటిదాకా ఆమె ఎక్కడుంది, ఏం పని చేసింది అని అడగండి. నచ్చితే ఇవ్వండి, లేకపోతే లేదు. అడగడానికి పట్టేది పది నిమిషాలు. ఆ ఇల్లు ఆమెకి రెండేళ్ళ కష్టం.