రుచి – సంస్కారం

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు పెద్దలు. బుద్ధుల వైవిధ్యాన్ని సహించడం నేర్పడానికి కళాశాలలున్నాయి. రుచుల వైవిధ్యాన్ని సహించడం మాత్రం మనకెవరూ నేర్పరు. ఆ లోటు మాలో సైతం ఉన్నదని మాకు తెలియవచ్చింది జపాను దేశంలో. ఉద్యోగరీత్యా ఒసాకా నగరంలో నివసిస్తున్న మా తమ్ముని వద్ద ఒక శీతకాలంలో పది దినాలు గడిపే అవకాశం మాకు లభించింది. ఆ దేశపు ఆలయాలను గురించి, వేగవంతమైన రైళ్లను గురించి వ్రాసినవారు పెక్కుమంది. మేము అక్కడ తిన్నవాటిని, త్రాగినవాటిని, తినక మానినవాటిని గురించి నాలుగు మాటలు విన్నవించదలచాము.

జపానులో దాహంతో బాధపడటం కష్టసాధ్యం. పానీయాలను విక్రయించే యంత్రాలు అక్కడ 20 లక్షలకు పైబడి ఉన్నాయి. జనసంచారం లేని సందులలో సైతం అవి దీపాలు వెలిగించుకొని నిలబడి ఉంటాయి. ఒకే యంత్రంలో నీలిరంగు గుర్తు గలవి చల్లని పానీయాలు, ఎర్రరంగు గుర్తు గలవి వేడివి. నాణెం వేసి మీట నొక్కగానే మా చేతిలో పడినది వెచ్చని మొక్కజొన్న సూపు డబ్బా! దానితో చేతులు వెచ్చజేసుకొన్నామే గాని త్రాగలేదు. అందులో మాంసపు సారం కలిపినట్లు తమ్ముడు డబ్బాపై అక్షరాలు చదివి చెప్పాడు. రెండవ పర్యాయం వచ్చినది ‘ఒషిరుకో’. ఎర్రని అజుకి గింజలతో చేసిన తియ్యని పాయసమది. దానిని తృప్తిగా సేవించాము.

‘పోకారి స్వెట్’ అనే పానీయం 1980లో వెలువడినది. పేరులో చెమట ఉన్నదని ముఖం చిట్లించుకోనక్కరలేదు. చెమట రూపంలో శరీరం కోల్పోయిన నీటిని, లవణాలను తిరిగి సమకూర్చడమే దాని ప్రయోజనం. 1919 నుండి విక్రయిస్తున్న ‘కాల్పిస్’ పంచదార కలిపిన మజ్జిగ తేటను తలపించింది. 2007లో పెప్సీ సంస్థ అక్కడ దోసకాయ రుచి గల పానీయాన్ని సైతం కొంతకాలం విక్రయించిందట! ‘కిట్ క్యాట్’ మిఠాయి ఆకుపచ్చని తేయాకు పొడితోను, ఘాటైన వసాబితోను లభిస్తుంది. ఆ పేరు జపాను భాషలో ‘తప్పక గెలుస్తావు’ అనే మాటకు దగ్గరగా ధ్వనించడం వలన పరీక్షలకు వెళ్లే విద్యార్థులకు దానిని కానుకగా ఇస్తారు. మన విద్యార్థులు ఈ ఆచారాన్ని గ్రహించవచ్చును, చదువు మానకుండా!

అన్నిటినీ మించి మమ్మల్ని ఆనందపరచినది ‘రామునే’. లెమనేడ్ అనే ఆంగ్లపదం జపాను నోట అలా మారినది. సీసా మెడలో గాజు గోలీ! ఇది మన గోలీ సోడాయే గదా అని మేము కేక వేసినంత పని చేశాము. ఆంగ్లేయుడైన హైరం కాడ్ 1872లో హక్కులు పొందిన సీసా మన బజారుకూ, వారి బజారుకూ సమానంగా చేరినది.

ఈనాటి వింత రేపటి సంప్రదాయమనుటకు జపాను చరిత్రయే సాక్ష్యం. క్రీ.శ. 675లో తెమ్ము చక్రవర్తి కొన్ని జంతువుల మాంసాన్ని తినరాదని శాసించాడు. 1872లో మెయిజీ చక్రవర్తి మాంసాహారం స్వీకరించిన వార్త వెల్లడైనపుడు అది ఆ ప్రజలకు పెనువింత. భారత స్వాతంత్ర్య యోధుడు రాస్ బిహారీ బోస్ జపానులో తలదాచుకొన్న కాలంలో, ఆయన ప్రోద్బలంతో టోక్యోలోని నకమురాయా సంస్థ 1927లో భారతీయ పద్ధతి కూరను వడ్డించసాగింది. మన ఆవకాయకు ప్రాణమైన మిరప సైతం పోర్చుగీసువారి నావలపై వచ్చినదే గదా!

ఇంత తెలిసియుండియు మేము తప్పు చేశాము. తమ్ముని ఇంటి ప్రక్కన ఒక వృద్ధురాలు నివసిస్తున్నది. ఆమె ‘నాట్టో’కు ప్రసిద్ధి చెందిన మిటో నగరంలో జన్మించినది. ఉడికించిన సోయా గింజలను పులియబెట్టి చేసే పదార్థం నాట్టో. కలిపితే జిగట తీగలు సాగుతాయి. ఒసాకా ప్రాంతీయులలోనే దానిని ఇష్టపడనివారు చాలామంది. ఆమె ఎంతో ఆదరంతో ఆ గిన్నె మా ముందు ఉంచినది. వాసన సోకగానే మా నోట ‘ఛీ’ అనే శబ్దం వెలువడింది. ఆ ఒక్క అక్షరానికి ఏ భాషలోను అనువాదం అవసరం లేదు. ఆమె చిరునవ్వు చెదరనీయకుండా గిన్నెపై మూత పెట్టి, కమలాపండ్లు తెచ్చి ఇచ్చినది. “తిననని చెప్పవచ్చును భాయిజాన్, అలా అనకూడదు” అన్నాడు తమ్ముడు దారిలో.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. కారణం నాట్టో కాదు. క్రిందటి సంవత్సరం మా కళాశాలలో ఒక బాలుడు కేరియరు మూత సగమే తెరచి, ఎండుచేపల కూరను దాచుకొని తినడం మేము చూచియున్నాము. తోటివారు ముక్కులు మూసుకొని నవ్వుతున్నారు. మేము ఏమియు అనకుండా వెళ్లిపోయాము. ఆనాటి మా మౌనం, ఈనాటి మా ‘ఛీ’ ఒకే జాతివి.

మరునాడు వెళ్లి ఆమెను క్షమించమని కోరాము. పూర్వం వరిగడ్డిలో చుట్టి గింజలను పులియబెట్టే విధానాన్ని ఆమె ఎంతో ఉత్సాహంతో వివరించినది. ఆవముద్దతో నాలుగు గింజలు తిన్నాము. రుచి నచ్చలేదు. అయినను, ఆమె పట్ల, ఆమె తల్లి వంటయింటి పట్ల మాకు గౌరవం కలిగింది. అంతట ఆమె ‘అమజాకే’ అనే తియ్యని పానీయం ఇవ్వబోయినది. అన్నానికి బూజు పట్టించి చేసే అమజాకేలో మద్యం ఉండదు. సారాయి పిప్పితో చేసే అమజాకేలో కొంత ఉంటుంది. పేరు మాత్రం ఒక్కటే. ఆమె స్వయంగా కళ్లద్దాలు పెట్టుకొని, సీసాపై వ్రాసినది చదివి, రెండవ రకమని గ్రహించి, నవ్వుతూ తీసివేసి టీ కాచి ఇచ్చినది. మా నియమాన్ని ఆమె ఎంత సహజంగా మన్నించినదో చూడండి!

తినకపోవడం వేరు, ఏవగించుకోవడం వేరు. మొదటిది మన నియమం, దానిని నిస్సంకోచంగా పాటించవలసినదే. రెండవది సంస్కారలోపం. ఏమి కలిసినదో అడిగి తెలుసుకొనడం, తగినదైతే రుచి చూడడం, కానిచో మర్యాదగా వద్దనడం, ఈ మూడూ వచ్చినవాడే విద్యావంతుడు.

కళాశాల కార్యవర్గం వారికి మాదొక మనవి. ఏడాదికి ఒక దినమైనా విద్యార్థులందరూ తమ ఇంటి వంటకాలను తెచ్చి, అందులోని పదార్థాలను తెలుగులోను, ఉర్దూలోను చీటీపై వ్రాసి ఉంచే ఏర్పాటు చేయండి. ఇష్టమైనవారు తింటారు, కానివారు చదివి తెలుసుకొంటారు. ఆ బాలుడు కేరియరు మూత పూర్తిగా తెరచిన దినమే మా జపాను యాత్ర సఫలమైనట్లు భావిస్తాము.