వెక్టర్ అంటే దోమ కాదు

వెక్టర్ అంటే మా డాక్టర్లకు దోమ. మలేరియాకు అనాఫిలిస్, బోదకాలుకు క్యూలెక్స్ అని ఎం.బి.బి.ఎస్.లో వల్లె వేసినవాళ్ళం. ఇంగ్లండు వచ్చాక, క్లినిక్ లెక్కలు చూసుకోవడానికి 'ఆర్' అనే కంప్యూటర్ భాష నేర్చుకుందామని కూర్చుంటే మొదటి పాఠంలోనే వెక్టర్ ఎదురైంది. ఇక్కడ దాని అర్థం ఒకే జాతి విలువల వరుస, అంతే.

న్యూజిలాండులో ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అనే ఇద్దరు 1990 దశకం తొలినాళ్ళలో మొదలుపెట్టిన భాష ఇది. అమెరికాలో బెల్ లాబొరేటరీలో 1976లో పుట్టిన 'ఎస్' దీనికి పెద్దమ్మ వరస. పైసా ఖర్చు లేదు.

ఇంటి దగ్గర్నించి అమ్మానాన్నల రిపోర్టులు మనందరికీ వస్తూనే ఉంటాయి కదా. అక్కడ రక్తంలో చక్కెరను డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో చెబుతారు, ఇక్కడ లీటరుకు మిల్లీమోల్స్‌లో. 18తో భాగిస్తే అది ఇది అవుతుంది. 'సి' అనే అక్షరం కొట్టి, బ్రాకెట్లో 126, 98, 180, 144 అని రాసి, మొత్తాన్ని 18తో భాగించమంటే నాలుగు జవాబులూ ఒక్కసారే వస్తాయి: 7, సుమారు 5.4, 10, 8. '7 గాని, అంతకు ఎక్కువ గాని ఉన్నవేవి?' అంటే అవును, కాదు, అవును, అవును అంటుంది. వాటిని కూడమంటే 3 అంటుంది, అవునుకు ఒకటి, కాదుకు సున్నా కనక. పరగడుపున 7 అంటే మధుమేహం గీత. 'కంటె ఎక్కువ' అని మాత్రమే అడిగామా, గీత మీద నిలబడ్డ మొదటాయన జారిపోతారు. (ఏ లక్షణాలూ లేని మనిషికి ఒక్క రీడింగుతో జబ్బు ఖాయం చెయ్యం లెండి.)

అసలు జాగ్రత్త ఇప్పుడు చెబుతాం. రోగి రాని రోజున గుమాస్తా అంకె బదులు 'రాలేదు' అని కొట్టాడనుకోండి. ఒకే జాతి అన్నాం కదా, ఆ ఒక్క మాటతో వరుసంతా అక్షరాలైపోతుంది. అప్పుడు '126 గాని, పైన గాని ఎవరు?' అని అడిగితే 98 ఉన్నాయన కూడా లేచి నిలబడతాడు! నిఘంటువు వరసలో ఒకటి తర్వాతే కదా తొమ్మిది. ఆర్ మాత్రం నోరెత్తదు. అందుకే లెక్కకు ముందు 'క్లాస్' అనే ఆజ్ఞతో ఆ వరుస జాతేమిటో అడిగి తీరాలి.

రానివారి చోట 'ఎన్.ఏ.' అని రాయాలి, సున్నా కూడదు. అప్పుడు సగటు అడిగితే జవాబు కూడా ఎన్.ఏ. అనే వస్తుంది. చాలామందికి విసుగు, మాకు మాత్రం ఆ మొండితనం నచ్చింది. ఎన్.ఏ.లను తీసేసి లెక్కించమని చెప్పే వీలుంది, చిటికెలో పని. కాని మా క్లినిక్‌కు రానివాళ్ళలో రాత్రి డ్యూటీల వాళ్ళు, ఇన్సులిన్ పేరెత్తితే భయపడేవాళ్ళు ఎక్కువ. వాళ్ళను తీసేసిన సగటు మమ్మల్ని మంచి డాక్టర్లుగా చూపిస్తుంది. కనక సగటు పక్కనే ఎంతమంది రాలేదో కూడా రాస్తున్నాం, ఆ జాబితా పట్టుకుని ఫోన్లు చేస్తున్నాం.

పొట్టి వెక్టర్‌ను పొడుగుదానితో కలిపితే ఆర్ దాన్నే మళ్ళీ మళ్ళీ తిప్పి వాడుకుంటుంది. ఆ సంగతి వచ్చే నెల.