టికెట్ ఉచితమే - బస్సు దాకా ఎవరు మోస్తారు?

2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు. ఆహ్వానించదగ్గ పనే. కైకిలికి పోయే అక్కచెల్లెళ్ళకు నాలుగు రూపాయలు మిగులుతున్నాయి. ఆ టికెట్ల సొమ్ము ప్రభుత్వం ఆర్టీసీకి కట్టాలి. అంటే ఖజానా డబ్బుతో పేదల ప్రయాణం జరిపించవచ్చునని పాలకులే ఒప్పుకున్నారన్నమాట.

అయితే డెబ్బై ఏళ్ళ మగకూలీ సంగతేమిటి? ఆయనకు ఈ ఉచితం లేదు. వికలాంగుడికి పాసు ఉంటే సగం చార్జీ. సరే, ముసలమ్మకు ఉచితమే అనుకుందాం. తండా నుంచి బస్సాగే రోడ్డు దాకా ఆమెను ఎవరు తీసుకుపోవాలి? జీవితమంతా నడుము వంచి నాట్లేసిన మనిషి మోకాలెత్తు మెట్టు ఎట్లా ఎక్కాలి? కొడుకులు బతుకుదెరువుకు హైదరాబాద్ పోయిరి. ఇక ఆటో మాట్లాడుకోవాల్సిందే. ఆసామికి ఇంటి ముందు కారుంది, కూలీకి లేదు. రానుపోను మూడు వందలనుకుంటే, నెలకు రెండుసార్లు దవాఖానకు పోతే ఆరు వందలు. 2019లో 2,016 రూపాయలు చేసిన వృద్ధాప్య పింఛనులో ఇది మూడో వంతుకు దగ్గర. ఆ పింఛనులో 60 నుంచి 79 ఏళ్ళవారికి కేంద్రం వాటాగా పెట్టింది 200 రూపాయలే. ఒక్క ఆటో కిరాయికి కూడా చాలదు!

2016 అక్టోబరులో పాత వరంగల్ జిల్లాను చీల్చి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు చేసినప్పుడు పాలన గడప ముందుకొచ్చిందన్నారు. 2022లో మహబూబాబాద్‌లో, 2023లో జనగామ, భూపాలపల్లిలో వైద్య కళాశాలలు తెరిచారు. కానీ గోదావరి ఒడ్డున పలిమెల నుంచి భూపాలపల్లికి, అడవిలోని గంగారం నుంచి మహబూబాబాద్‌కు మంచం పట్టిన మనిషి ఎట్లా రావాలి? వికలాంగ ధ్రువపత్రం కావాలంటే నడవలేనివాడే వైద్యశిబిరానికి నడిచి రావాలట! భూపాలపల్లికి రైలు లేనే లేదు. జనగామకు, మహబూబాబాద్‌కు రైలుంది గానీ, వృద్ధులకు టికెట్‌లో ఇచ్చిన రాయితీని కేంద్రం 2020 మార్చిలో ఎత్తేసింది.

ప్రాణం మీదికొస్తే 108 వస్తుంది. గర్భిణికి 102 వస్తుంది. రెండూ మంచివే. నెలనెలా మందులకు పోవాల్సిన ముసలివాళ్ళకు మాత్రం ఏ నంబరూ లేదు.

ఇది ఎవరి బాధ్యత? 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాలు రాసింది. అందులో 13వది రోడ్లు, రాకపోకల సాధనాలు. 26వది వికలాంగుల సంక్షేమంతో కూడిన సాంఘిక సంక్షేమం. అయితే ఈ అధికారాలను రాష్ట్రాలు 'ఇవ్వవచ్చు' అన్నారు, 'ఇవ్వాలి' అనలేదు. కిటుకంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 41వ సెక్షను మాత్రం, వికలాంగులు భరించగల ఖర్చుతో తిరిగేందుకు ప్రభుత్వం పథకాలు పెట్టాలని చెబుతోంది. 2011 జనాభా లెక్కల నాటికే తెలంగాణలో వికలాంగులు పది లక్షలకు పైన.

పైసల్లేవంటారు. 15వ ఆర్థిక సంఘం 2021-26కు ఇచ్చిన నిధుల్లో 60 శాతం నీళ్ళకు, పారిశుధ్యానికి కట్టేసింది. మిగతా 40 శాతం జీతాలకు తప్ప స్థానిక అవసరాలకు వాడుకోవచ్చునంది. కానీ 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబర్ ఎన్నికల దాకా సర్పంచులే లేరు. ప్రత్యేకాధికారుల పాలనే నడిచింది. ఎన్నికైన పాలకవర్గాలు లేవని కేంద్రం నిధులు ఆపింది. ఎన్నికలు జరపనిది ఒకరు, పైసలు ఆపింది మరొకరు, నష్టపోయింది ఊరు.

ఇంకో సంగతి గమనించండి. 2019లో మొదలైన పల్లెప్రగతి కింద, పైనుంచి ఆజ్ఞ రాగానే ఊరూరికీ ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకరు వచ్చాయి. వాయిదాలు చాలా పంచాయతీలు తమ నిధుల్లోంచే కట్టాయి. చెత్త మోయడానికి బండి దొరికింది. ఊరికి అన్నం పెట్టి ముసలివాళ్ళైనవారిని మోయడానికి మాత్రం దొరకదా?

పొరుగున చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 ఫిబ్రవరి నుంచి పింఛను ఇంటికే చేర్చడం మొదలైంది. కేరళలో 2008 ఉపశమన వైద్య విధానం తర్వాత, స్థానిక సంస్థల డబ్బుతో నర్సులు బండిలో మంచం పట్టినవారి ఇళ్ళకే పోతున్నారు. వికలాంగులకు పక్క చక్రాల స్కూటర్లు పంచాయతీలే కొనిస్తున్నాయి. కారణం, అక్కడ ప్రణాళికా నిధుల్లో గణనీయమైన భాగాన్ని రాష్ట్రం స్థానిక సంస్థల చేతికే ఇస్తుంది.

కాబట్టి మన కోర్కెలు స్పష్టంగా ఉండాలి. అరవై దాటిన మగవారికి, వికలాంగులకు, వారి వెంట వచ్చే తోడుకు ఆర్టీసీలో చార్జీ తీసెయ్యాలి. చక్రాల కుర్చీ ఎక్కే వీలున్న బండి మండలానికి ఒకటైనా పెట్టి, దవాఖాన రోజుల్లో ఊళ్ళు తిప్పాలి. దాని ఖర్చుకు రాష్ట్రం ప్రత్యేక గ్రాంటు ఇవ్వాలి, పంచాయతీల నెత్తిన రుద్దరాదు. ధ్రువపత్రాల వైద్యశిబిరాలు మండల కేంద్రాల్లోనే జరపాలి. రైలు రాయితీ తిరిగి ఇవ్వాలి.

2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. కార్యకర్తలు ముందుగా ఇల్లిల్లూ తిరిగి, ఎవరు నడవలేరో, ఎక్కడికి పోవాలో, ఎంత ఖర్చవుతోందో కాగితం మీద రాసుకోవాలి. గ్రామసభలో తీర్మానం చేయించి, నకలు తీసుకుని, మండలానికీ కలెక్టరుకూ అందజెయ్యాలి. గ్రామసభకు రాలేనివారి కోసమే ఈ పోరాటం గనుక, వాళ్ళ మాట మోసుకెళ్ళే పని మనదే.