మళ్లీ బడి మూసే రోజు వస్తే

2020 జూన్‌లో తెలంగాణలో ఒకటో తరగతిలో చేరాల్సిన పిల్ల ఆ ఏడాదంతా బడి ముఖమే చూడలేదు. కరోనా వల్ల మార్చిలో మూతపడిన ప్రాథమిక పాఠశాలలు మళ్లీ తెరుచుకున్నది 2021 సెప్టెంబరు 1న. అప్పటికి ఆ పిల్ల కాగితం మీద రెండో తరగతి. నాలుగు నెలలు వెళ్లిందో లేదో, ఒమిక్రాన్ పేరు చెప్పి సంక్రాంతి సెలవులను జనవరి ఆఖరు దాకా సాగదీశారు. 2022లో మూడో తరగతికి వచ్చింది. ఆ ఏడాది ‘అసర్’ సర్వే బృందాలు పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి రెండో తరగతి పాఠం చేతికిచ్చి చదవమంటే, తెలంగాణలో మూడో తరగతి పిల్లల్లో చదవగలిగినవారు 5.2 శాతం. 2018లో వారు 18.1 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఇదే లెక్క 22.6 నుంచి 10.3కు పడిపోయింది. అంతకుముందు మాత్రం ఏం వెలగబెట్టామని కాదు గానీ, ఉన్నదీ పోయింది.

2020 మార్చిలో బడులు మూయడాన్ని తప్పుపట్టలేం. వచ్చిపడిన రోగం పిల్లలను ఏం చేస్తుందో అప్పటికి ఎవరికీ తెలియదు. తప్పుపట్టాల్సింది ఆ తర్వాత జరిగినదాన్ని. మరో మహమ్మారి రాదని పూచీపడే వైద్యుడు ఎవరూ లేరు. వస్తే బడి అన్నిటికంటే చివర మూతపడాలి, అన్నిటికంటే ముందు తెరుచుకోవాలి. ఎవరు, ఎప్పుడు, ఎన్నాళ్లు మూయవచ్చో రెండు తెలుగు రాష్ట్రాలూ ఇప్పుడే, భయం లేని రోజుల్లోనే, రాసి పెట్టుకోవాలి.

ఆంధ్రప్రదేశ్ 2020 నవంబరు 2న తొమ్మిది, పది తరగతులతో ధైర్యం చేసింది. గదికి పదహారు మంది, రోజు విడిచి రోజు, ఒంటిపూట. మూడు రోజులు తిరక్కుండానే 262 మంది విద్యార్థులకు, సుమారు 160 మంది టీచర్లకు పాజిటివ్ అని దేశమంతా పతాక శీర్షికలు వచ్చాయి. హాజరైన పిల్లలు దాదాపు నాలుగు లక్షలని, అంటే సోకినవారు వెయ్యికి ఒకరు కూడా లేరని విద్యాశాఖ చెప్పిన మాట ఆ గోలలో ఎవరికీ వినపడలేదు. వైరస్ సోకి బయటపడటానికే అప్పట్లో నాలుగైదు రోజులు పట్టేది. మూడో రోజుకల్లా పాజిటివ్ తేలిన పిల్లవాడు దాన్ని ఇంట్లోనో ఊళ్లోనో అంటించుకుని వచ్చి ఉంటాడే తప్ప తరగతి గదిలో అంటుకుని ఉండటం అరుదు. ప్రభుత్వం బెదరకుండా ఒక్కో తరగతినీ కలుపుకుంటూ 2021 ఫిబ్రవరి 1 నాటికి ఒకటో తరగతి పిల్లలనూ రప్పించింది. రెండో విడత విజృంభించినప్పుడు ఏప్రిల్‌లో మూసింది, ఆగస్టు 16న తిరిగి తెరిచింది.

తెలంగాణ దారి వేరు. 2021 ఫిబ్రవరిలో పెద్ద తరగతులు మొదలుపెట్టి, గదికి ఇరవై మందే ఉండాలని, తల్లిదండ్రుల అంగీకార పత్రం తేవాలని షరతులు పెట్టారు. రెండు నెలలైనా కాకముందే మార్చి 24న మళ్లీ తాళం. సెప్టెంబరు 1కి వచ్చేసరికి కేజీ నుంచి పీజీ దాకా ఒక్కసారే అన్నారు. సరిగ్గా ముందురోజు హైకోర్టు జోక్యం చేసుకుని, ప్రత్యక్ష తరగతులకు రమ్మని పిల్లలను బలవంతపెట్టొద్దంది. గురుకులాలు తెరవకుండా స్టే ఇచ్చింది. ఒకే హాలులో పక్కపక్కన పడుకునే పిల్లలకూ, సాయంత్రం ఇంటికి పోయే పిల్లలకూ ఒకటే నియమం సరిపోదన్న సంగతి కోర్టు దాకా వెళ్లాల్సింది కాదు. సచివాలయంలోనే తట్టాల్సింది.

అన్నిటికంటే విడ్డూరం 2022 జనవరి. ఆ నెల 3న దేశమంతటా 15 నుంచి 18 ఏళ్ల వారికి టీకా మొదలైంది. వేసిన కోవాగ్జిన్ హైదరాబాద్ కంపెనీదే. అదే నెల 8 నుంచి అదే హైదరాబాద్‌లో బడులు బంద్! సంక్రాంతి సినిమాలు థియేటర్లలో ఆడాయి, బజార్లు కిటకిటలాడాయి. సరిహద్దు దాటితే ఆంధ్రప్రదేశ్‌లో పండగ కాగానే 17న బడులు తెరిచారు. అక్కడా కేసులు వచ్చాయి, జబ్బుపడిన టీచర్లు సెలవు పెట్టారు, మిగిలినవారు పాఠం చెప్పారు. మూసినవారికి, నడిపినవారికి ఒకే వైరస్. సినిమా హాలుకు లేని భయం బడికి ఎందుకని అడిగినవారికి తెలంగాణ ప్రభుత్వం సరైన జవాబు చెప్పలేదు.

బడి నడపాలంటే పిల్లలకు రక్షణ ఉండొద్దా? ఉండాలి. ఆ పేరుతో చేసిందేమిటన్నదే ప్రశ్న. గేటు దగ్గర నుదుటికి గురిపెట్టే థర్మామీటర్, చేతిలో నాలుగు చుక్కల శానిటైజర్, బెంచీల మీద హైపోక్లోరైట్ పిచికారీ. ఈ వైరస్ గాలిలోనూ వ్యాపిస్తుందని 2021లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకుంది. అంటే తరగతి గదికి మొదటి మందు కిటికీ. సర్కారు బడిలో ఆ కిటికీ సంగతి చూస్తే, వానకు ఉబ్బి బిగుసుకుపోయిన చెక్క రెక్క ఒకటి, విరిగిన బెంచీలు అడ్డం పడేసిన రెక్క ఇంకొకటి. రెండో మందు నీళ్లొచ్చే కుళాయి. సర్కారు బడుల బాగుకు చేపట్టిన నాడు-నేడు మొదటి దశలో 15 వేలకు పైగా బడులకు నడిచే నీళ్లతో మరుగుదొడ్లు కట్టడం ఆంధ్రప్రదేశ్‌కు కలిసొచ్చింది. తెలంగాణలో అదే కరోనా కాలంలో బడుల్లో ఊడ్చేవారిని తీసేసి ఆ పని పంచాయతీలకు అప్పగించారు. శుభ్రత అత్యవసరమైన ఏడాదిలోనే చీపురు పట్టే మనిషి లేకుండా పోవడం ఏ జాగ్రత్త కిందికి వస్తుందో!

ఇక బడి లేని నెలల్లో ఫోన్లో పాఠాలు నడిచాయన్న మాట. ఆర్థికవేత్తలు జాన్ డ్రెజ్, రీతికా ఖేరా తదితరులు 2021 ఆగస్టులో పదిహేను రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో పేద కుటుంబాల పిల్లలను అడిగితే, పల్లెల్లో క్రమం తప్పకుండా ఆన్‌లైన్‌లో చదువుతున్నవారు 8 శాతమే.

తిరిగి వచ్చిన పిల్లలను ఎక్కడ ఆగారని అడిగినవారు లేరు. సిలబస్ ఎక్కడుందో అక్కడ కూర్చోబెట్టారు. పర్యవసానం తెలంగాణ ఇంటర్ మొదటి ఏడాదిలో బయటపడింది. పదో తరగతి పరీక్షలు రద్దయి పాసైన ఆ పిల్లలు ఇంటర్ మొదటి ఏడాదిలో ఎక్కువ భాగం తెరల ముందే గడిపారు, రెండో ఏడాదిలోకి వెళ్లాక పాత ఏడాది పరీక్ష రాయమన్నారు. 2021 డిసెంబరు 16న వచ్చిన ఫలితాల్లో పాసైనవారు 49 శాతం. ప్రాణాలు తీసుకున్న పిల్లల వార్తలు వచ్చాకే, వారం దాటాక, తప్పినవారందరికీ 35 మార్కులు వేసి గట్టెక్కించారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో 94.88 శాతం ఉన్న పదో తరగతి ఉత్తీర్ణత 2022లో 67.26కు దిగింది. రెండు లక్షల మంది తప్పారు. వారు ఎనిమిది, తొమ్మిది తరగతులు పరీక్షలు లేకుండా దాటినవారు.

పోయింది తిరిగి రాదా అంటే, వస్తుంది. పక్కనున్న తమిళనాడు 2021 అక్టోబరులో ‘ఇల్లం తేడి కల్వి’ పేరుతో స్థానిక వాలంటీర్లను పెట్టి సాయంత్రాలు పాఠాలు చెప్పించింది. బడులు తెరిచిన ఆరు నెలల్లో పిల్లలు కోల్పోయినదాంట్లో మూడింట రెండొంతులు వెనక్కి వచ్చిందని, అందులో దాదాపు పావు వంతు ఈ కార్యక్రమం పుణ్యమేనని ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ బృందం తేల్చింది. చిన్న తరగతులకు చదవడం, లెక్కలు నేర్పే తెలంగాణ ‘తొలిమెట్టు’ కార్యక్రమం మంచిదే. అది మొదలైంది మాత్రం 2022 ఆగస్టు 15న, బడులు తెరిచిన ఏడాదికి.

కాబట్టి ఉత్తర్వు ఇప్పుడే రావాలి. రాష్ట్రమంతా ఒక్క కలంపోటుతో మూసే అధికారం ఉండకూడదు. మూత మండలం స్థాయిలో, వైద్యాధికారి లెక్క చూపాకే, రెండు వారాలకు మించకుండా జరగాలి. పొడిగించాలంటే కారణం బహిరంగంగా రాయాలి. సినిమా హాళ్లు, బార్లు తెరిచి ఉన్నంతకాలం ఒకటి నుంచి ఐదో తరగతి దాకా మూయడానికి వీల్లేదు. గురుకులాలకు విడి నియమాలు, విడి గది, నర్సు ఉండాలి. తెరిచిన మొదటి పదిహేను రోజులు సిలబస్ పక్కనపెట్టి, ప్రతి పిల్లా ఎంత చదవగలదో టీచర్ దగ్గర కూర్చోబెట్టుకుని చూడాలి. ఇవి రాయడానికి ఖర్చు లేదు. కిటికీలు బాగుచేయడానికి, కుళాయిలకు, ఊడ్చే మనిషి జీతానికి ఉంది. ఆ పద్దు వచ్చే బడ్జెట్‌లో ఏ పేజీలో ఉంటుందో రెండు రాష్ట్రాల విద్యామంత్రులూ శాసనసభలో చెప్పాలి.