కొత్త బట్టలు లేకపోతే చర్చికి రాకూడదా?

పోయిన క్రిస్మస్ రోజు ఆరాధనలో మా వీధి చివర ఉండే చెల్లి కనబడలేదు. పత్తి ఏరే కూలికి వెళ్తుంది, ఏ ఆదివారమూ చర్చి మానదు. కాసిని అరిసెలు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఒంట్లో బాగాలేదా అంటే తల దించుకుంది. "పిల్లలకి బట్టలు తియ్యలేదక్కా. అందరూ కొత్తవి వేసుకొస్తే వీళ్ళని ఎట్టా కూర్చోబెట్టను?" అంది.

నా పట్టుచీర వైపు చూసుకున్నాను. దానికోసం ఖమ్మం వెళ్ళి మూడు షాపులు తిరిగాను.

డిసెంబరు వస్తే చాలు, షాపుల ముందు ఆఫర్ల బోర్డులు, ఎర్ర టోపీ తాత. వాళ్ళని అని లాభం లేదు. దసరాకి అమ్మినట్టే మనకీ అమ్ముతారు. కానీ చర్చి గుమ్మంలో "చీర ఎంత పెట్టి తీశావు?" అని అడిగేది షాపువాళ్ళు కాదు, మనమే.

మా భద్రాచలం వైపు ఈ పండగ షాపుల దారిన రాలేదు. గోదావరి మీద పడవల కాలువ పనులు చూసిన హేగ్ దొర రోజుల్లో, 1860లలో, దుమ్ముగూడెంలో మిషన్ మొదలైంది. 1889లో లూకా సువార్త కోయ భాషలో అచ్చయింది. పశువుల తొట్టి, మంద కాసే కాపరులు ఉన్నది ఆ సువార్తలోనే. బాలయేసును దేవాలయానికి తెచ్చినప్పుడు మరియ, యోసేపుల అర్పణ రెండు పక్షులేనన్నదీ అందులోనే. గొర్రెపిల్లను తేలేని పేదలకు ధర్మశాస్త్రం ఇచ్చిన వెసులుబాటు అది. గొర్రెపిల్ల కొనలేని తల్లికి ఆ రోజు దేవాలయంలో చోటుంది. చొక్కా కొనలేని తల్లికి మన చర్చిలో చోటు లేకపోతే, మనం చేస్తున్నది ఎవరి పుట్టినరోజు?

కొత్త బట్టలు వద్దని నేననను. పిల్లల సరదా పిల్లలది. అరిసెలు వండకపోతే నాకూ పండగలా ఉండదు. కానీ పెద్దవాళ్ళం ఆగొచ్చు కదా. ఈసారి మా ఆయనా, నేనూ ఉన్న బట్టలే ఇస్త్రీ చేసి కట్టుకుంటాం. స్టార్ కొనం, వెదురు బద్దలు, రంగు కాగితాలతో పిల్లలే కడతారు.

మిగిలిన డబ్బుతో ఆ చెల్లి పిల్లలకి బట్టలు తీద్దామనుకున్నాను. మా అమ్మాయే ఆపింది. "మనం కొనిచ్చామని నలుగురికీ తెలిస్తే వాళ్ళకి ఇంకా సిగ్గు కదమ్మా" అంది. నిజమే. అందుకే ఆ పొద్దున పాత చీరతోనే వాళ్ళ గుమ్మం ముందు నిలబడి, "పద చెల్లీ, కలిసి వెళ్దాం" అంటాను.

సంఘంలో నలుగురు ఆడవాళ్ళకి ఈ మాట చెప్పాను. ఇద్దరు సరేనన్నారు, ఇద్దరు నవ్వారు. నవ్వనీండి. మరి మీరేమంటారు?