గోటితో పోయేది

పిల్లల ఇంగ్లీషు గ్రామర్ పుస్తకం చివర్లో సామెతలుంటాయి, చూశారా? వాళ్ళు పరీక్షకి బట్టీపట్టి వదిలేస్తారు గానీ, మనం చదివితే అచ్చం వంటింటి మాటల్లాగే ఉంటాయి. ‘ఎ స్టిచ్ ఇన్ టైమ్ సేవ్స్ నైన్’ సంగతే చూడండి. వేళకి ఒక్క కుట్టు వేసుకుంటే తర్వాత తొమ్మిది కుట్లు తప్పుతాయట. లంగా కుట్టు అంగుళం ఊడినప్పుడే సూదీ దారం తియ్యకపోతే నాలుగు ఉతుకుల్లో జానెడవుతుంది కదా! 1732లో ఇంగ్లండులో థామస్ ఫుల్లర్ అనే వైద్యుడు అచ్చువేసిన సామెతల పుస్తకంలో ఇది ఉంది. ఆ డాక్టరుగారికి ఇంట్లో ఆడవాళ్ళే చెప్పి ఉంటారని నా అనుమానం!

మనవాళ్ళు దీన్నే ‘గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నట్టు’ అన్నారు. నాకు మనదే ఎక్కువ నచ్చుతుంది. గోడ పగుల్లో రావి మొలకని గోటితో గిల్లేయొచ్చు, ఊరుకుంటే గోడే పోతుంది. ఇలా రెండు భాషల సామెతలూ పక్కపక్కన పెట్టి చూడటం కొత్త కాదు. కెప్టెన్ కార్ అనే దొర 1868లోనే రెండువేల పైచిలుకు తెలుగు సామెతల్ని ఇంగ్లీషు అర్థాలతో మద్రాసులో అచ్చువేయించాడు.

మా మైలార్‌దేవ్‌పల్లిలో ఈ సామెత 2020 అక్టోబరు 13 రాత్రి గుర్తుకొచ్చింది. ఆ కుండపోత వానకి పల్లె చెరువు పొంగి అలీనగర్ మీద పడింది. ఒకే కుటుంబంలోని వాళ్ళు పలువురు కొట్టుకుపోయారు. అటు గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు తెగి శంషాబాద్ వైపు వెళ్ళే హైవేనే కోసేసింది. నీళ్ళు పోయే దారిలో ఇళ్ళు లేవడం, నాలాలు ఇరుకవడం ఒక్క రోజులో జరిగేవా? మనుషులు పోయాక తొమ్మిది కాదు, తొంభై కుట్లు వేసినా ఏం లాభం చెప్పండి.

చెరువు కట్ట మన చేతిలో లేదు, నిజమే. కానీ వానలకు ముందే రేషన్ కార్డు, పిల్లల సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో చుట్టి సజ్జ మీద పెట్టుకోవచ్చు. నీళ్ళు గడప దాటకముందే కరెంటు మెయిన్ ఆపాలని ఇంట్లో అందరికీ, ముసలివాళ్ళకి కూడా, చూపించి పెట్టొచ్చు. చెత్త కవర్లు నాలాలో పడెయ్యకుండా చూసుకోవచ్చు (మా గల్లీలో దీనికోసం నేను చాలామందికి చెడ్డదాన్నయ్యాను).

ఈసారి మే నెలలోనే పదిమంది ఆడవాళ్ళం సంతకాలు పెట్టి, మా నాలా పూడిక తియ్యమని అర్జీ ఇచ్చాం. ముద్ర వేయించిన కాపీ నా బీరువాలో ఉంది. ఇంకా ఎవరూ రాలేదు. సోమవారం మళ్ళీ వెళ్తున్నాం, ఈసారి పాతికమందిమి.