ఊపిరితో అల్లిన వల

తిమింగలం పేరెత్తగానే మనకు మొదట తోచేది దాని నోరు. మనుషుల్ని అమాంతం మింగిందని చిన్నప్పుడు కథలు విన్నాం గదా! కాని హంప్‌బాక్ అనే గూని తిమింగలం, 15 గజాల పొడుగూ 30 టన్నుల బరువూ ఉండి కూడా, మనిషిని మింగలేదు. గొంతు ఇరుకు. 2021 జూన్‌లో అమెరికాలో కేప్ కాడ్ దగ్గర సముద్రంలో మునిగిన ఒకాయన దాని నోట్లో పడ్డాడు. అర నిమిషం కాగానే అదే ఉమ్మేసింది. ఇద్దరిలో ఎవరెక్కువ హడలిపోయారో నేను చెప్పలేను.

దీని తిండి హెరింగ్ వంటి జానెడు చేపలు. అంత ఒంటికి ఒక్కొక్కటే ఏరుకుతింటే ఏం ఆనుతుంది? అందుకే వల వేస్తుంది. అలాస్కా ఆగ్నేయతీరంలో వేసవిలో ఏడెనిమిది కలిసి మునుగుతాయి. ఒకటి చేపలమంద కిందుగా చుట్టూ తిరుగుతూ, నెత్తిమీది ముక్కురంధ్రాలనుంచి గాలి వదులుతుంది. బుడగలు గోడలా లేస్తాయి. చేపలు ఆ గోడ దాటడానికి జంకుతాయి. ఇంకొకటి పెద్దగా కేక పెడుతుంది. మంద బెదిరి పైపైకి, ఇరుకిరుకుగా చేరుతుంది. పడవలో ఉన్నవారికి కనబడేదల్లా నీటిమీద ఒక బుడగల ఉంగరం. మరుక్షణం ఆ ఉంగరం మధ్యనుంచి అన్నీ నోళ్ళు తెరుచుకుని లేస్తాయి! గడ్డం కింది మడతలు విప్పుకుని గొంతు సంచీలా ఉబ్బుతుంది. పళ్ళు లేవు. పైదవడకు వేలాడే కుచ్చుపలకల సందుల్లోంచి నీళ్ళు బయటికి నెట్టి, మిగిలిన చేపల్ని మింగుతుంది.

నాకు మరీ వింతగా తోచింది దీని చదువు. అమెరికా రెండో కొసన, తూర్పుతీరపు మెయిన్ సింధుశాఖలో, 1980లో ఒక తిమింగలం ముందు తోకతో నీళ్ళమీద దబీమని చరిచి, ఆ తర్వాత బుడగలు ఊదడం కనిపించింది. ఆ రోజుల్లో అక్కడ హెరింగ్ సన్నగిల్లి, ఇసుకలో దూరే మరో సన్నచేప పెరిగింది. పొట్ట గడవాలిగా! 27 ఏళ్ళ లెక్కలు తిరగేసి శాస్త్రజ్ఞులు 2013లో చెప్పారు: ఈ విద్య అక్కడ నూటికి దాదాపు 40 తిమింగలాలకు పట్టుబడిందట; అదీ చాలామట్టుకు తెలిసినవాటితో కలిసి తిరిగినవాటికేనట.

ఒకదానినుంచి మరొకటి నేర్చుకునే జాతిని మనుషులు నూనెకోసం వేటాడారు. 1966లో నిషేధం వచ్చేనాటికి ఉత్తర పసిఫిక్‌లో కొద్ది వేలకు మించి మిగలలేదు. ఆ తరువాత కూడా సోవియట్ ఓడలు కొంతకాలం దొంగచాటుగా చంపాయి. పోయినవాటిలో గురువులెందరో! క్రమేణా సంఖ్య పెరిగింది. ఇప్పుడు అలాస్కాలో పడవలవాళ్ళు టిక్కెట్టు పుచ్చుకుని మరీ ఆ బుడగలు చూపిస్తున్నారు.